తుండెత్తిన చేయి

తొట్టిలో యంత్రచేప ముందుకు కదిలింది. గొరక చేపపిల్లలు దాని వెంట కొంతదూరం వచ్చి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, చెల్లాచెదురై గోడల పక్కకు చేరాయి. ఇలా ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టుకోవడం నూకరత్నం ఎప్పుడో మానేసింది.

"వేగం ఇంకాస్త తగ్గిద్దామా?" అన్నారు భానుమూర్తి. ఆ సముద్రజీవ పరిశోధనశాలకు ఆయన పెద్ద, ఆమె అందులో ఉద్యోగి. ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, తొట్టి అంచున గొంతుక్కూర్చుని ఉన్నారు.

"వేగం కాదు సార్. ఇది పిలుస్తూ పోతోంది. పోతూ పోతూ పిలిస్తే పిల్లలు రారు."

"మరేం చేయాలి?"

"ఆగాలి. వెనకబడ్డవి వచ్చి కలిసేదాకా ఆగి, అప్పుడు కదలాలి. చిన్నప్పుడు మా పెద్దమ్మ మమ్మల్ని రేవుకు తీసుకెళ్ళేటప్పుడు అలాగే చేసేది. అరిచేది, తిట్టేది, కాని మేమొచ్చేదాకా అడుగు కదిపేది కాదు."

భానుమూర్తి నవ్వారు. "తిట్లు కూడా పెట్టమంటారా?"

"ఆగడం పెడితే చాలు సార్."

ఆగడం పెట్టారు. మర్నాడు యంత్రం కదిలింది, ఆగింది, డప్పు కొట్టింది. చెదిరిన పిల్లల్లో ఒకటి వెనక్కి తిరిగింది. దాని వెనక మరొకటి. కాసేపటికి అవన్నీ వరసకట్టి తొట్టి చుట్టూ తిరుగుతుంటే, నూకరత్నం చేతులు నీళ్ళలో ముంచి, అవి పక్కనుంచి పోతుంటే చూసింది. యంత్రానికి పెద్దమ్మ అన్న పేరు ఆ రోజే పడింది.

మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా ఉండే పొడవు, రబ్బరు చర్మం, లోపల చిన్న డప్పు. పెద్దమ్మ అంటే ఇంతే. గొరకకు గొంతు లేదు. కడుపులోని గాలితిత్తిని కండరాలతో కొట్టి అది శబ్దం చేస్తుంది. వయసు మళ్ళిన గొరక కొట్టే డప్పు ఎలా ఉంటుందో ఇప్పుడు సముద్రంలో వినడానికి లేదు, ఎందుకంటే వయసు మళ్ళిన గొరక సముద్రంలో లేదు. దశాబ్దాల కిందట జలాంతర్గాముల జాడ కోసం నీళ్ళలో మైకులు దించినవారికి ఒక రొద అడ్డం వచ్చింది. వాళ్ళు చిరాకుపడి పక్కన పడేసిన ఆ రొద రికార్డుల్లోంచి పెద్దమ్మ గొంతును భానుమూర్తి ఏరి తీశారు.

గొరకకు దారి నెత్తుటిలో ఉండదు, సావాసంలో ఉంటుంది. గుడ్లు పెట్టే కాలానికి ఏ లోతుకు దిగాలో, ఏ ప్రవాహాన్ని పట్టుకోవాలో, సముద్రం అడుగున ఏ రాతిపారు దగ్గర ఆగాలో పెద్దవాటి వెంట వెళ్ళి చిన్నవి నేర్చుకోవాలి. చిన్న చేపను వదిలి పెద్ద చేపను పట్టే వలే మంచి వల అని అందరూ నమ్మారు. చట్టమూ అదే చెప్పింది. చిన్నవి బతికాయి. వాటికి చెప్పేవాళ్ళు బతకలేదు. ఇప్పుడవి అరచేతి పొడవైనా పెరగకుండానే, ఎక్కడ తోస్తే అక్కడ, ఒడ్డు బురదలో గుడ్లు పెడుతున్నాయి. బురదలో గుడ్లు ఊపిరాడక చస్తాయి. ఏటికేడు గొరక తగ్గిపోతూ వచ్చింది. ఇంకొన్నాళ్ళకు పూర్తిగా పోతుందని భానుమూర్తి లెక్క. పెద్దమ్మ ఒక్కసారి వాటిని పారు దాకా తీసుకెళ్ళి తిరిగి తీసుకొస్తే, వెళ్ళొచ్చినవే మరుసటేడు పెద్దలవుతాయి. ఆ తరవాత యంత్రంతో పని ఉండదు.

ఆ దారి చెప్పింది నూకరత్నం అన్న ఓలేసు.

* * *

ఓలేసు ఇల్లు జాలరిపేటలో చివరి వీధిలో, ఇసుకకు ఆనుకుని ఉంది. ఆదివారాలు నూకరత్నం అక్కడే భోజనం చేసేది. ఆ ఆదివారం వదిన గురమ్మ ఎండుచేపల పులుసు పెట్టింది. సముద్రం గుమ్మంలో ఉన్న ఇంట్లో ఎండుచేపల పులుసు ఎందుకు వండాల్సి వచ్చిందో ఎవరూ అడగలేదు.

"ఏటే, మీ పెద్దమ్మ నడక నేర్సిందా?" అన్నాడు ఓలేసు.

"నేర్సిందన్నా. పిల్లలు కూడా ఎనకాలే ఎల్తన్నాయి."

"పెద్దమ్మకి కూడేటి పెడతారమ్మా?" గురమ్మ గరిటెతో పులుసు వంచుతూ అడిగింది.

"కరెంటొదినా."

"అదృష్టవొంతురాలు. నాకూ అదే పెట్టండి, పొయ్యి కాడ సావక్కర్నేదు."

ఓలేసు నవ్వాడు గాని, నవ్వు త్వరగానే అయిపోయింది. కంచంలో వేళ్ళు ఆడిస్తూ అన్నాడు. "అయ్య నాకు కొండగురుతులు సెప్పినప్పుడు ఒట్టేయించుకున్నాడు. డాల్ఫిన్సు నోసు కొండ కొనమీదకి తెల్లకొండ ఒచ్చినప్పుడు ఎటు తిరగాల, ఆ తరవాత ఏ కొండని ఎనక్కి ఒదలాల, అన్నీ. నీకు సెప్పినాను. నల్లపారు ఎక్కడుందో ఈ పేటలో ఇప్పుడు నాకూ నీకూ తప్పితే ఎవడికీ తెల్దు."

"తెలుసన్నా."

"తెలుసంటే సరిపోదే. రేపు ఆ పారు కాడ గొరక దిగిందనుకో. నీకు కనిపించిందనుకో. తుండెత్తుతావా, ఎత్తవా?"

ఆమె కంచంలో ఎండుచేప ముల్లు ఏరసాగింది. వదిన మాట మార్చడానికి మంచినీళ్ళు తెచ్చింది.

జాలరిపేటలో తుండెత్తడమంటే ఏమిటో చెప్పాలి. చేపల మంద ఎవరి కంటపడినా, వాళ్ళు భుజం మీది తుండు తీసి తెడ్డుకు కట్టి పైకెత్తాలి. అది చూసిన పడవ తన తుండెత్తుతుంది. దాన్ని చూసిన పడవ మరొకటి. అలా ఒడ్డు దాకా. మందను మొదట చూసిన కళ్ళు ఒకరివైనా, చేప అందరిదీ; ఎత్తినవాడికి మొదటి వాటా, పైగా ఆ ఏడాదంతా మర్యాద. తుండెత్తకుండా మందను దాచుకున్నవాడు ఆమెకు తెలిసి ఒక్కడే, బండియ్య. చాలాకాలం తరవాత ఆయన పాక అంటుకుంటే వీధిలో ఎవరూ బిందె ఎత్తలేదు. వాళ్ళు కఠినులు కారు. ఆయన వాళ్ళకు చూపించలేదు కాబట్టి వాళ్ళు చూడలేదు, అంతే. ఆ మంటను చిన్నపిల్లగా నూకరత్నం కూడా అందరితోపాటు చూడకుండా నిలబడింది.

తిరిగి వెళ్తూ ఆమె మరో సంగతి ఆలోచించింది. నల్లపారు దారి తండ్రికి ఎలా తెలిసింది? ఆ దారి వెంట వల వేసినవాడు కాబట్టి తెలిసింది. పెద్ద గొరకలకు తెలిసిన దారిని, వాటిని పట్టిపట్టి తండ్రి నేర్చుకున్నాడు. అవి పోయాక ఆ దారి ఆయన తలలో మాత్రమే మిగిలింది. ఇప్పుడది ఆమె చేతిలో ఉంది. ఈ ఆలోచన ఆమెకు ఎంతో న్యాయంగా తోచింది. తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తున్నామనుకుంది. న్యాయంగా ఉన్నామన్న ఆ తృప్తి వల్లనే కాబోలు, అన్న వేసిన ప్రశ్నకు తన దగ్గర జవాబు లేదన్న సంగతి ఆమె మరిచిపోయింది.

* * *

చేపలవేట నిషేధం ముగిసి, తొలి వానలు పడ్డాక గొరకకు గుడ్ల కాలం. చట్టం చెప్పిన రోజులూ గొరక రోజులూ వేరు. ఎవరైనా వల వేసినా అది నేరం కాదని భానుమూర్తికి తెలుసు. అందుకే ఆయన పెద్దమ్మకు మరొక ఏర్పాటు చేయించారు. పాత రొదలో అప్పుడప్పుడూ డప్పు హఠాత్తుగా ఆగిపోయేది. ఆ వెంటనే మంద మొత్తం మాయమయ్యేది. పెద్ద గొరక మౌనం పిల్లలకు ప్రమాద సూచన అన్నమాట.

"ఈ మీట నొక్కితే పెద్దమ్మ నోరు మూస్తుంది," అన్నారు ఆయన, అరచేతిలో ఇమిడే చిన్న పెట్టెను నూకరత్నం చేతిలో పెడుతూ. "ఏ వల దగ్గరికి వచ్చినా నొక్కండి. మంద చెదిరిపోతుంది. మన ప్రయోగం ఈ ఏటికి పోతుంది. ఫరవాలేదు, గొరక పోదు. మళ్ళీ ఏడు చేసుకుందాం."

"నొక్కుతాను సార్."

"తడబడొద్దు సుమా."

"తడబడను."

పెద్దమ్మను ఒడ్డు బురద దగ్గర వదిలారు. పరిశోధనశాల బోటు దూరంగా వెంబడించింది. హెడ్‌ఫోన్లలో మొదట పెద్దమ్మ ఒక్కతే వినబడింది: మూడు దెబ్బలు, ఒక విరామం. తరవాత ఎక్కడో సన్నగా, తడబడుతూ, ఒక జవాబు. నూకరత్నం హెడ్‌ఫోన్లను చెవులకు అదుముకుంది. ఇంకొకటి. పొద్దెక్కేసరికి బోటు కింద సముద్రమంతా పెళ్ళివారి విడిదిలా గోలగా ఉంది. ఒడ్డు పొడవునా అక్కడక్కడా మిగిలిన గొరకలు, పుట్టినప్పటినుంచీ తమ ఈడువాటి గొంతులు తప్ప వినని గొరకలు, మొదటిసారి ఒక పెద్ద గొంతు విని బయల్దేరి వస్తున్నాయి. వెనకబడ్డవాటి కోసం పెద్దమ్మ ఆగింది. ఆగిన ప్రతిచోటా మరికొన్ని కలిశాయి.

రోజులు గడిచాయి. దారి తండ్రి చెప్పినట్టే వంపు తిరిగింది. కొండలు చెప్పిన చోట చెప్పినట్టు ఒకదాని మీదికి ఒకటి వచ్చాయి. భానుమూర్తికి జ్వరం తగిలి ఒడ్డునే ఉండిపోయారు. బోటులో నూకరత్నమూ, దాన్ని నడిపే సరంగూ మిగిలారు. సరంగు వేరే తీరం నుంచి వచ్చినవాడు, మాటలు తక్కువ. వాళ్ళు నల్లపారు చేరిన మధ్యాహ్నం మబ్బు కమ్మి ఉంది. నీళ్ళు నూనె పోసినట్టు కదలకుండా ఉన్నాయి.

ఒడ్డున దొరికే గొరకలన్నీ ఇక్కడికి వచ్చాయి. అంటే ఉన్నవన్నీ. మైకుతోపాటు దించిన కెమెరాలో వాటి పొట్టలు గుడ్లతో పక్కలకు ఉబ్బి కనిపించాయి. గుడ్లు పెట్టడం ఆ సాయంత్రమో, మర్నాడో. ఇక చేయాల్సింది ఏమీ లేదు, ఊరకే ఉండటం తప్ప.

అప్పుడు ఆమెకు దూరాన ఓలేసు పడవ కనిపించింది.

నీలం అంచు, ముక్కు మీద పసుపు మచ్చ. ఇంటికి వెళ్తోంది. నీళ్ళమీద బెండులా పైకి తేలి ఉంది. లోపల బరువు లేదని చూడగానే తెలుస్తుంది. ఓలేసు ఇంజను పక్కన ఇటు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. ఆ వీపు ఆమెకు తెలుసు. తండ్రి ఆఖరి రోజుల్లో అలాగే కూర్చునేవాడు.

సరంగు తుండు బోటు కమ్మీ మీద ఆరేసి ఉంది. కొక్కెం కర్ర పక్కనే ఉంది. చేయి ముందు కదిలింది. మనసు దాని వెనక, వెనకబడ్డ పిల్లలా పరుగెత్తింది. అది వచ్చి కలిసేసరికే తుండు కర్ర కొసన ఎగురుతోంది.

"ఏమిటి మేడమ్ అది?" అన్నాడు సరంగు.

"ఏమీ లేదు. మా అన్న."

ఓలేసు ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు. నీలం అంచు పడవ ఒక్క క్షణం ఆగి, తిరిగింది.

* * *

ఓలేసు బోటులోకి ఎక్కగానే ఆమె ఏమీ అనకుండా హెడ్‌ఫోన్లు అతని చెవులకు పెట్టింది. అతని ముఖం మారిపోవడం చూసింది. అంత పెద్దమనిషి ముఖంలో అలాంటి మార్పు చూడటం, తలుపు తెరిచి ఉన్న గదిలోకి చెప్పకుండా తొంగిచూసినట్టనిపించింది ఆమెకు.

"ఇయ్యి మాటాడుకుంటన్నాయే," అన్నాడు.

"అవునన్నా."

"ఎన్నుంటాయి?"

"ఉన్నయ్యన్నీ ఇక్కడే ఉన్నాయి."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. "అయ్యుంటే ఇయ్యాల గంతులేసీవోడు." తరవాత నవ్వి, ఆమె నెత్తిమీద చిన్నప్పటిలా ఒక మొట్టికాయ వేశాడు. "నువ్వు ఎత్తవనుకున్నానే. సదువుకున్నదానివి, మమ్మల్ని మరిసిపోతావనుకున్నాను. తప్పు నాదే."

"అన్నా, వలెయ్యకు. సూపెడదావనే పిలిచినాను. ఇయ్యి గుడ్లు పెట్టాల. పెట్టి తిరిగెల్లిపోవాల. అప్పుడు..."

ఓలేసు ఆమె వైపు వింతగా చూశాడు. అందులో కోపం లేదు. అర్థం కాకపోవడం ఉంది. "సూడ్డానికెవడన్నా తుండెత్తుతాడేటే?"

అప్పుడు ఆమె అతని భుజం మీదుగా చూసింది. దూరంగా ఒక పడవ మీద తెల్లని మచ్చ. దాని అవతల మరొకటి. దాని అవతల సముద్రమూ ఆకాశమూ కలిసిన చోట మరొకటి.

"నువ్వూ ఎత్తినావా?"

"ఎత్తకుండా ఎలగొస్తాను మరి? నాకు నువ్వెత్తినావు, ఆళ్ళకి నేనెత్తినాను."

ఆ సంగతి ఆమెకు తెలియదా? తెలుసు. ఒక తుండు ఒక్కటిగా ఉండదని జాలరిపేటలో నడక రాని పిల్లకు కూడా తెలుసు. అన్నకు మాత్రమే చూపిస్తున్నానని ఆమె తనతో తాను చెప్పుకున్న మాట చెప్పుకుంటున్నప్పుడే అబద్ధం.

పడవలు వచ్చాయి. ఓలేసు తన పడవలోకి దూకాడు. మీట ఉన్న పెట్టె ఆమె అరచేతిలో ఉంది. బొటనవేలు మీట మీదే ఉంది. నొక్కితే మంద చెదురుతుంది. ఈ ఏడు పోతుంది, గొరక పోదు. ఎదురుగా ఓలేసు పడవ ముక్కున నిలబడి, చేతులు ఊపుతూ, ఎవరినో తిడుతూ, ఎవరికో దారి చూపుతూ, మందను చుట్టేసే రింగు వల అంచును అవతలి పడవకు అందిస్తున్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఆమె చూడని అన్న అతను. ఖాళీ పడవలు అతన్ని మింగేయకముందు ఉండిన మనిషి. అతని నవ్వు నీళ్ళమీదుగా వినబడుతోంది. ఆమె నొక్కలేదు.

వల గుండ్రంగా ముడుచుకోసాగింది. లోపల పెద్దమ్మ తాను చేయవలసినదే చేసింది. వెనకబడి ఇంకా వల బయటే ఉన్నవాటి కోసం ఆగింది. పిలిచింది. అవి వచ్చి కలిశాయి.

వల అడుగు బిగిసిపోయాక నూకరత్నం మీట నొక్కింది. డప్పు ఆగింది. మంద ఒక్కసారిగా చెదరబోయి, అన్ని వైపులా వలనే కొట్టుకుంది. అప్పుడు ఎవరికోసం నొక్కిందో ఆమె ఎన్నిసార్లు తనను అడిగినా జవాబు ఒక్కటే వచ్చింది: నొక్కానని చెప్పుకోవడానికి.

* * *

మర్నాడు పొద్దున పరిశోధనశాలలో తొట్టి ఖాళీ చేసి గోడలు రుద్దుతున్నారు. భానుమూర్తి శాలువా కప్పుకుని వచ్చి కూర్చున్నారు. జ్వరం ఇంకా పూర్తిగా తగ్గలేదు.

"తప్పు నాదే," అన్నారు. "డప్పు అంత గట్టిగా పెట్టకుండా ఉండాల్సింది. పడవ అడుగుకు చెవి ఆనిస్తే వినబడి ఉంటుంది వాళ్ళకు. పై అధికారులకు అలాగే చెప్తాను. మీరు ఒంటరిగా అన్ని పడవలను ఆపలేరు కదా."

ఆయన ఆమెకు ఒక తలుపు తెరిచి పట్టుకున్నారు. తెలియకుండానే, దయతో. దాంట్లోంచి నడిచి వెళ్ళిపోవచ్చు.

"వాళ్ళకు వినబడలేదు సార్. నేను పిలిచాను."

ఆయనకు అర్థం కాలేదు. ఆమె తుండు గురించి చెప్పింది. ఎత్తినవాడి మర్యాద గురించి, ఒకరిని చూసి ఒకరు ఎత్తడం గురించి, బండియ్య పాక గురించి. చెబుతున్నకొద్దీ తన మాటలు తన కళ్ళ ముందే రంగు మారడం గమనించింది. ఆచారంగా మొదలైనది సంజాయిషీ అయింది. తాతముత్తాతల మర్యాద అంతా వచ్చి ఆమె ముందు గోడలా నిలబడింది, ఆమె దాని వెనక దాక్కుంది. సగంలో ఆపేసింది.

భానుమూర్తి శాలువా భుజం మీదికి లాక్కున్నారు. "తుండు సంగతి నాకు అర్థమైందని చెప్పలేను. కాని చేయి దానంతట అది లేచిందంటే నమ్ముతాను," అన్నారు మెల్లిగా. "మీట సంగతి చెప్పండి. అది మీ చేతిలోనే ఉంది. పడవలు రావడానికీ వల మూయడానికీ మధ్య బోలెడు వ్యవధి ఉంది. ఎందుకు నొక్కలేదు?"

ఆమె మీట పెట్టెను తీసి తొట్టి అంచు మీద పెట్టింది.

"నేను మిమ్మల్ని దండించలేను," అన్నారాయన. "మీరు చేసింది ఏ చట్టానికీ విరుద్ధం కాదు. వాళ్ళు చేసిందీ కాదు. నేరమై ఉంటే బాగుండేది, కాదూ?"

అవును, బాగుండేది. నేరానికి శిక్ష ఉంటుంది, శిక్షకు ఆఖరి రోజు ఉంటుంది. ఆమె లేచి, దండం పెట్టడానికి చేతులెత్తబోయి, ఎత్తలేక, బయటికి నడిచింది.

* * *

జాలరిపేట ఆ రోజు పండగలా ఉంది. ప్రతి గుమ్మం ముందూ గొరక. ఆడవాళ్ళు కత్తిపీటల ముందు బారుగా కూర్చుని కోస్తున్నారు. పొట్ట చీల్చగానే పసుపురంగు గుడ్ల జన రెండు పాయలుగా బయటపడుతోంది. దాన్ని వేరే గిన్నెల్లోకి తీస్తున్నారు. కాకులు కప్పుల మీద బారులు తీరాయి. నూకరత్నం వీధిలోకి రాగానే ఎవరో కేక వేశారు.

"ఇదిగో, తుండెత్తిన తల్లొచ్చింది!"

ఒక ముసలామె తడిచేతులతోనే ఆమె బుగ్గలు పుణికింది. పొలుసులు ఆమె ముఖానికి అంటుకున్నాయి. "మీ అయ్య కొర్లయ్య కడుపున పుట్టినావే. ఆడదానివైనా నీకే కనిపించింది సూడు!"

గురమ్మ వాకిట్లో పీట వేసింది. ఓలేసు అల్యూమినియం బేసిను నిండా జన తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మొదటి వాటా. పైన ఒక తమలపాకు కూడా పెట్టారు. వీధివాళ్ళు చుట్టూ చేరారు.

"పేటంతా ఒక మాటనుకున్నాం," అన్నాడు ఓలేసు. అతను తలంటు పోసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. "మీ ఆపీసోళ్ళకి సెప్పి ఇలాటి పెద్దమ్మలు ఇంకో రెండు సేయించు. ఒకటి కవ్వళ్ళకి, ఒకటి వొంజరం సేపకి. ఖర్సు మేవే పెట్టుకుంటాం. వొచ్చే ఏడు నువ్వు తుండెత్తక్కర్నేదు, కూకుని సూడు సాలు."

"వొచ్చే ఏడుకి గొరకల్లేవన్నా."

"ఏటి?"

"ఇయ్యే ఆకరివి. ఒడ్డు పొడుగునా ఉన్నయ్యన్నీ ఆడికొచ్చినాయి. ఆటి పొట్టలో ఉన్నయ్యే వొచ్చే ఏడు గొరకలు." ఆమె బేసిను వైపు చూపించింది. చేయి చూపించిన చోటికి అందరి కళ్ళూ వెళ్ళాయి.

కత్తిపీటల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగింది. సగం కోసిన చేపను పట్టుకున్న ఒకామె దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. ఓలేసు తన చేతుల వైపు చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

"అలాగైతే ఇయ్యే ఆకరివని ముందే సెప్పాల గదే," అన్నాడు చివరికి. "ఆపాల. మమ్మల్ని తిట్టాల. నీ సేతిలో ఏదో మీటుందని సరంగు సెప్పినాడు."

"ఉంది."

"మరెందుకు నొక్కనేదు?"

భానుమూర్తికి చెప్పలేని మాట ఇక్కడ వీధి మధ్య దానంతట అదే వచ్చింది. "నీ వల నిండాలని."

ఆ మాటను ఎత్తి ఆమెకే తిరిగి ఇవ్వడానికి గాని, తనే తీసుకోవడానికి గాని ఓలేసుకు చేతకాలేదు. ముఖం తిప్పుకుని సముద్రం వైపు చూశాడు.

"అయ్యి నన్ను నమ్మి వొచ్చినాయి," అంది నూకరత్నం. ఏడుపు రాలేదు; ఏడిస్తే ఎవరో ఒకరు ఓదారుస్తారు, అది తనకు తగదనిపించింది. "ముందెప్పుడూ పెద్దగొంతు ఇననివి, నా పెద్దమ్మ గొంతిని నమ్మి వొచ్చినాయి."

ఆమె ఆ మాట ఎందుకు అన్నదో, ఎవరి మీద వేయడానికి అన్నదో, అన్న తరవాత ఆమెకే తెలిసింది. చేపలూ తనూ ఒక వైపు, వలలూ వీళ్ళూ ఒక వైపు. అలా ఒక గీత గీసుకోబోయింది.

గురమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే భరించడం సులువయ్యేది.

"మేవూ నిన్ను నమ్మే వొచ్చినాం కదమ్మా," అంది.

నూకరత్నం బేసిను వైపు చూసింది. తమలపాకు తడిసి జనకు అంటుకుపోయింది. వాటాను తోసేస్తే ఇంతమంది ముందు అన్నను అవమానించడం. తీసుకుంటే... తీసుకోవడానికి కూడా ఒక ముఖం ఉండాలి. ఎండ ఎక్కుతోంది. వీధి పొడవునా కోయని చేప గుట్టలుగా ఉంది. ఇంకాసేపు అలాగే ఉంటే కుళ్ళిపోతుంది, అప్పుడు చచ్చింది కూడా వృథా అవుతుంది.

ఆమె పీట మీంచి లేచి, ఆడవాళ్ళ వరసలో ఖాళీగా ఉన్న ఒక కత్తిపీట దగ్గరికి వెళ్ళింది. అటు ఇటు ఉన్నవాళ్ళు జరిగి చోటిచ్చారు. ఒక మనిషి కూర్చోవడానికి కావలసినదానికన్నా కొంచెం ఎక్కువ చోటే, ఎవరి మోచేయీ ఆమెకు తగలనంత, ఇచ్చారు.